చెక్కపలకకు కులం అంటగట్టకండి

ఒకే వారంలో ఒకే గిటారు మీద రెండు తీర్పులు వెలువడ్డాయి.

మొదటిది బెంగుళూరులోని ఒక వాయిద్యాల దుకాణంలో. మా చెల్లెలి కొడుకు తన ఎలక్ట్రిక్ గిటారుకు తీగలు మార్పించుకోవడానికి వెళ్లాడు. కౌంటరులోని మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కంట్రీ సంగీతానికి చేసిన గిటారు. జాజ్ కావాలంటే లోపల డొల్లగా ఉన్నది కొనాలి. రాక్ కావాలంటే పెద్ద పికప్‌లున్నది కొనాలి" అని చెప్పి పంపాడు. రెండవది మా హోసూరులో. ఉగాది కార్యక్రమంలో పదిహేను నిమిషాలు ఇప్పించండని వాడు అడిగితే, కార్యక్రమాలు చూసే పెద్దలు గిటారు సంచీ జిప్పు కూడా తీయనివ్వలేదు. "అది రాక్ వాయిద్యం. మన వేదికకు పొసగదు" అన్నారు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఒకే ఖాతాకు రెండు పుస్తకాల్లో రెండు రకాల నిల్వలు కనిపిస్తే కనీసం ఒకటైనా తప్పని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. ఇక్కడ రెండూ తప్పేనని నా వాదం. సంగీతం నాకు శాస్త్రంగా రాదు, వినడం మాత్రమే వచ్చు. అయితే ఈ వివాదానికి అంతకు మించిన అర్హత అక్కరలేదు. ఎందుకంటే తీర్పు చెప్పిన ఇద్దరిలో ఏ ఒక్కరూ విని చెప్పలేదు.

ఆ ఆదివారం వాడు నా దగ్గరికి వచ్చి, "మామా, ఇంకో రెండు గిటార్లు కొనాలంట. పర్సనల్ లోనుకు ఏమేం కాగితాలు కావాల?" అన్నాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసుకునే కుర్రాడు. నేను కాగితాల సంగతి చెప్పలేదు. అప్పుకు వచ్చిన ఎవరినైనా అడిగే ప్రశ్నే వాణ్ణీ అడిగాను: "ఉన్న ఆస్తి ఏ పని చేయలేకపోయింది?" వాడి దగ్గర జవాబు లేదు. దుకాణంవాడు చెప్పాడు, అంతే.

వాడి చేతిలో ఉన్నది టెలికాస్టర్ అనే గిటారుకు చౌక నకలు. ఆ అసలు గిటారు చరిత్ర తెలిస్తే దుకాణంవాడి మాటా నిలవదు, మన పెద్దల మాటా నిలవదు.

దాన్ని చేసినవాడు లియో ఫెండర్. 1909లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చదివింది సంగీతం కాదు, అకౌంటింగ్. ఒక ఐస్ కంపెనీలో లెక్కలు రాశాడు, తరువాత రాష్ట్ర రహదారుల శాఖలో రాశాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఉద్యోగం పోయింది. 1938లో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. బతికున్నంత కాలం ఆయనకు గిటారు వాయించడం రాలేదు. ఈ మాట రాస్తున్నప్పుడు ఒక కామర్సు పట్టభద్రుడిగా నాకు కొంత గర్వం కలుగుతున్న మాట దాచను.

వాయించడం రానివాడు కాబట్టే ఆయన వాయించేవాళ్ల ఫిర్యాదులు విన్నాడు. అప్పటి డొల్ల గిటార్లకు కరెంటు తగిలించి సౌండు పెంచితే, స్పీకరులోంచి వచ్చిన మోతకు గిటారు పొట్ట అదిరి ఊళపెట్టేది. ఆయన పొట్టే తీసేశాడు. ఒక దళసరి పలక కోసి, దానికి మేపుల్ కర్రతో చేసిన మెడను నాలుగు మరలతో బిగించాడు. మెడ పాడైతే మరలు విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు. కొయ్యపని గొప్పతనం చూపాలన్న తాపత్రయం అందులో ఎక్కడా లేదు. 1950లో ఒక పికప్‌తో ఎస్క్వైర్ అనీ, రెండు పికప్‌లతో బ్రాడ్‌కాస్టర్ అనీ అమ్మకానికి పెట్టాడు. దాదాపు అదే పేరుతో తమ డ్రమ్ములు ఉన్నాయని గ్రెట్ష్ కంపెనీ 1951లో అభ్యంతరం చెప్పింది. ఫెండర్ మనుషులు కత్తెర తీసుకుని లేబుళ్ల మీద ఆ పేరు కత్తిరించి, కొన్ని నెలలు పేరు లేకుండానే అమ్మారు. తరువాతే టెలికాస్టర్ అన్న పేరు వచ్చింది. పేరు లేని ఆ కొన్ని నెలల్లో గిటారు మోగడం మానలేదని మన పెద్దలు గమనించాలి.

ఇక అది ఎన్ని రకాలుగా మోగుతుందో చూద్దాం. దానికి రెండు పికప్‌లు. ఒకటి బ్రిడ్జి పక్కన, లోహపు పలకలో ఏటవాలుగా ఉంటుంది. అక్కడ తీగ ఊగేది తక్కువ, కాబట్టి నాదం సూదిలా పదునుగా వస్తుంది. రెండవది మెడ దగ్గర. అక్కడ తీగ విశాలంగా ఊగుతుంది, కాబట్టి నాదం గుండ్రంగా, మెత్తగా వస్తుంది. ఈ రెండింటినీ మార్చడానికి ఒక స్విచ్. సౌండుకు ఒక నాబ్, పదును తగ్గించడానికి ఒక నాబ్. ఇంతే సరంజామా. మిగతాదంతా చెయ్యి చేయాలి. తీగను బ్రిడ్జి దగ్గర మీటినదీ మెడ దగ్గర మీటినదీ, గోటితో మీటినదీ కండతో మీటినదీ వేరువేరుగా వినిపిస్తాయి. తప్పు మీటినా దాచిపెట్టదు. అది గీతలు కొట్టిన ఖాళీ లెడ్జరు లాంటిది. కిరాణా వ్యాపారి లెక్కలూ అందులో రాసుకోవచ్చు, మిల్లు లెక్కలూ రాసుకోవచ్చు.

ఎవరెవరు ఏమేం రాసుకున్నారో చెబుతాను. జానీ క్యాష్ పక్కన లూథర్ పెర్కిన్స్ ఒంటి పికప్ ఎస్క్వైర్ మీద రైలు చప్పుడులాంటి నడక వాయించాడు. బేకర్స్‌ఫీల్డ్‌లో బక్ ఓవెన్స్, డాన్ రిచ్ టెలికాస్టర్లతో కంట్రీ పాటకు పదును పెట్టారు. దుకాణంవాడికి తెలిసిన కథ ఇంతవరకే. కానీ మిసిసిపీ పత్తి చేలనుంచి షికాగో చేరిన మడ్డీ వాటర్స్ 1950ల చివరినుంచి టెలికాస్టరే పట్టుకుని, వేలికి గొట్టం తొడుక్కుని, తీగల మీద జార్చి బ్లూస్ పాడాడు. టెక్సస్‌వాడు ఆల్బర్ట్ కాలిన్స్ ఒట్టి వేళ్లతో తీగను లాగి వదిలితే అది కొరడాలా చరిచేది. మెంఫిస్‌లో స్టీవ్ క్రాపర్ అదే గిటారుతో సోల్ సంగీతం వాయించాడు. 1962లో వచ్చిన 'గ్రీన్ ఆనియన్స్' వినండి. ఎంత తక్కువ వాయిస్తాడో, ఆ తక్కువ ఎంత లోతుగా దిగుతుందో తెలుస్తుంది. నల్లవారూ తెల్లవారూ ఒక హోటలు బల్ల దగ్గర కూర్చోవడానికి వీల్లేని ఆ దక్షిణాదిలో, ఆ స్టూడియోలో ఇద్దరూ కలిసి వాయించారు.

రాక్ కావాలా? లెడ్ జెప్పెలిన్ 1971లో విడుదల చేసిన 'స్టెయిర్‌వే టు హెవెన్'లో జిమ్మీ పేజ్ వాయించిన సోలో టెలికాస్టర్ మీదే. పంక్ కావాలా? ద క్లాష్ బృందంలో జో స్ట్రమ్మర్ చేతిలో ఉన్నది అదే. జాజ్‌కు పనికిరాదన్నారు కదా? టొరంటోలో ఎడ్ బికర్ట్ టెలికాస్టర్‌తోనే జాజ్ వాయించాడు. 1970లలో ఆల్టో శాక్సొఫోన్ విద్వాంసుడు పాల్ డెస్మండ్ పక్కన కూర్చుని ఆయన పలికించిన స్వరాలు దూదిపింజల్లా ఉంటాయి. కళ్లు మూసుకుని వింటే డొల్ల గిటారేననుకుంటారు.

ఎదుటివారి మాటలోనూ కొంత నిజం ఉంది. బికర్ట్ తరువాత మెడ వైపు పికప్ మార్చుకున్నాడు. రోలింగ్ స్టోన్స్‌కు చెందిన కీత్ రిచర్డ్స్ కూడా మార్చుకున్నాడు. ఒంటి చుట్ట పికప్ కరెంటు గుర్రును పట్టుకుంటుంది. సౌండు బాగా పెంచితే ఆ గుర్రు విసిగిస్తుంది. మెట్లున్న వాయిద్యం మీద గమకం పలకాలంటే తీగను పక్కకు లాగి తంటాలు పడాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇవి ఆ గిటారుతో కుస్తీ పట్టినవాడు చెప్పవలసిన మాటలు. వాడు చెబితే వింటాను. సంచీ చూసి చెప్పే మాటలు వేరు.

మన పెద్దలకు దూరదేశపు సాక్ష్యం చాలకపోతే ఇంటి సాక్ష్యమే ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనంలోనే మాండలిన్ పట్టాడు. జంట తీగల పాత మాండలిన్ మీద గమకం నిలవదని, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారి త్యాగరాజ కీర్తనలు వినిపించాడు. అదీ కరెంటు తగిలించిన విదేశీ వాయిద్యమే. ఆయన 2014లో పోయినప్పుడు మన ఇళ్లలో కన్నీళ్లు పెట్టుకున్నవారిని నేనెరుగుదును. అంతకు ముందు వయొలిన్ వచ్చింది. కద్రి గోపాల్‌నాథ్ చేతిలో శాక్సొఫోన్ కర్ణాటక సంగీతం పలికింది. మా ప్రాంతపు పెళ్లిళ్లలో ఇవాళ నాదస్వరం ఉండవలసిన చోట శాక్సొఫోన్ ఊదుతున్నారు, ఎవరూ అడ్డు చెప్పడం లేదు. మన వేదిక మీద ప్రార్థనా గీతానికి శ్రుతి ఇచ్చే హార్మోనియం ఏ అగ్రహారంలో పుట్టిందో పెద్దలు సెలవియ్యాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. దుకాణంవాడు గిటారుకు ఒక పేరు తగిలించడంలో అర్థం ఉంది. సంగీతానికొక గిటారు చొప్పున అమ్ముకోవచ్చు. అతని వ్యాపారం అది. మరి మన పెద్దలకు ఏమిటి లాభం? పేరు తగిలిస్తే వినే శ్రమ తప్పుతుంది. అంతకు మించి నాకేమీ కనిపించడం లేదు. ఈ శ్రమ తప్పించుకునే అలవాటు మనకు తగదు. తరాలుగా తమిళనాడులో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మనల్ని, "మీరు ఎటువాళ్లు?" అని అటూ ఇటూ కూడా అడుగుతారు. అక్కడ మన యాస విని మనల్ని తమిళులంటారు, ఇక్కడ మన ఇంటి మాట విని ఆంధ్రావాళ్లంటారు. మనం ఏం మాట్లాడుతున్నామో వినేవాళ్లు తక్కువ. ఆ అవమానం తిన్న మనమే ఒక కుర్రాడి చేతిలోని కర్రను చూసి వాణ్ణి ఇంకో గడిలోకి తోసేస్తే ఎలా? మన సభలకు కుర్రవాళ్లు రావడం లేదని ప్రతి ఏటా మైకులో వాపోతాం. వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపించేశాం.

మా వాడు లోను దరఖాస్తు పెట్టలేదు. ఇంకో గిటారు కొనకూడదని నేను శాసించడం లేదు. ఉన్నదాని రెండు పికప్‌లూ, రెండు నాబ్‌లూ పూర్తిగా ఖర్చుపెట్టాక కూడా ఏదో మిగిలిపోయిందని వాడికే అనిపిస్తే, అప్పుడు కొనుక్కుంటాడు. ప్రస్తుతం రాత్రి షిఫ్టు లేని రోజుల్లో మోహన రాగం సాధన చేస్తున్నాడు. బాగా వస్తోందని నేను చెప్పను. మేనమామ సర్టిఫికెట్టు చెల్లదు.

పెద్దలకు నా మనవి ఒక్కటే. వాణ్ణి పిలిచి, తెర వెనక కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు వినండి. విన్న తరువాత బాగాలేదంటే అది వాడి వాయింపు మీద తీర్పు అవుతుంది. నేను మారుమాట్లాడకుండా వాణ్ణి ఇంటికి తీసుకుపోతాను. వినకుండా ఇచ్చిన ఈ తీర్పును మాత్రం నేను ఒప్పుకోను.