టికెట్టు మీద రెండు గడియారాలు

ఉమ్రాకు సిద్ధమవుతున్న మా ఖాలా మొన్న టికెట్టు పట్టుకొని వచ్చారు. "రాత్రి పదింటికి శంషాబాద్‌లో ఎక్కితే ఒంటిగంటంపావుకు జిద్దాలో దిగుతామట. మూడు గంటల ప్రయాణమేగా బేటా! ఇహ్రామ్ అక్కడ దిగాక కట్టుకోవచ్చని మీ ఖాలూ బట్టలు పెద్ద పెట్టెలో సర్దేశాను" అన్నారు. ఒక్క మాటలో రెండు పొరపాట్లు. ఇవి ఆమె ఒక్కరే చేసేవి కావు.

టికెట్టు మీద ఎక్కే వేళ మన గడియారానిది, దిగే వేళ సౌదీ గడియారానిది. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. కనుక ఖాలా ప్రయాణం మూడుంబావు గంటలు కాదు, అయిదుముప్పావు గంటలు. హైదరాబాదు నుండి జిద్దాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు మరి! తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తలకిందులై, అసలుకంటే రెండున్నర గంటలు ఎక్కువగా కనిపిస్తుంది. దుబాయిలో విమానం మారేవారికి దూరం వంద, నూటయాభై కిలోమీటర్లే పెరుగుతుంది. కాలాన్ని మింగేది అక్కడి నిరీక్షణ.

రెండవ పొరపాటు ఇంకా బరువైనది. ఉమ్రా సంకల్పంతో నేరుగా మక్కాకు వెళ్ళేవారు మీఖాత్ దాటకముందే ఇహ్రామ్‌లో ప్రవేశించాలి. మన వైపు నుండి వెళ్ళే విమానాలు సాధారణంగా తాయిఫ్ సమీపంలోని ఖర్నుల్ మనాజిల్ మీఖాత్ పరిధిని గగనతలంలోనే దాటుతాయి. జిద్దా ఆ హద్దుకు లోపలి వైపున ఉందని అధిక సంఖ్యాక ఉలమాల అభిప్రాయం. ఇహ్రామ్ లేకుండా దాటినవారు మీఖాత్‌కు తిరిగి వెళ్ళాలి, లేదా దమ్‌గా ఒక జంతువును బలి ఇవ్వాలి.

విమానం నిమిషానికి దాదాపు పదిహేను కిలోమీటర్లు పోతుంది. మీఖాత్ వస్తోందని ప్రకటన వినిపించాక లేచి, మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడితే మీఖాత్ మన కోసం ఆగదు. పురుషులు ఇంటివద్దనో, విమానాశ్రయంలోనో స్నానం చేసి ఆ వస్త్రాలు ధరించి ఎక్కడం మేలు. నియ్యత్, తల్బియా మీఖాత్ సమీపించినప్పుడు చేసుకోవచ్చు; నిద్రపట్టే భయం ఉంటే ముందే చేసుకున్నా చెల్లుతుంది. స్త్రీలకు ప్రత్యేక వస్త్రాలు లేవు గాని నియ్యత్ వేళ వారికీ అదే. మొదట మదీనాకు వెళ్ళేవారికి ఈ తొందర లేదు. వారు అక్కడినుండి మక్కాకు బయల్దేరినప్పుడు జుల్‌హులైఫా వద్ద ఇహ్రామ్ కట్టుకుంటారు.

పగటి విమానం ఎక్కేవారికి మరొక మాట. మనం సూర్యుని వెంట పడమటికి పోతాము గనుక సాయంకాలం సాగిపోతుంది. హైదరాబాదులో మగ్రిబ్ అయిందని చేతి గడియారం చెప్పినా కిటికీలో సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. ఆకాశంలో ఉన్నవారికి నమాజుకైనా, ఇఫ్తార్‌కైనా ఆ కిటికీయే ప్రమాణం.

ఖాలూ బట్టలు చేతిసంచిలోకి మారాయి. ఖాలా మాత్రం మూడు గంటల ప్రయాణానికని కట్టిన రొట్టెలు చాలవంటూ మళ్ళీ పిండి కలుపుతున్నారు.