నాన్న బ్యాచ్ రిటైరయింది, నాన్న ఇంకా చేలోనే ఉన్నాడు



పై వీడియో మా కోడూరు చేలో తీసింది. మినుము చల్లి నలభై రోజులైంది. అందులో మా నాన్న పక్కన, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడుస్తున్న తెల్ల చొక్కా పెద్దాయన ఎవరని మీరు అడక్క ముందే చెప్తాను. ఆయన మా నాన్నతో పదో తరగతి చదివాడు. విజయవాడలో సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. మా చేను పక్కనున్న నాలుగు ఎకరాలు ఆయనవే. దాన్ని సాగు చేసేది మా నాన్న, కౌలుకి.

ఈసారి కషాయాల గురించి రాయట్లేదు. రిటైర్మెంట్ గురించి రాస్తున్నాను. రైతుకి రిటైర్మెంట్ ఏంటని నవ్వుకోకండి. పక్క చేను ఓనరు రిటైరైతే మన నేల మీద ఏం పడుతుందో ఈ ఏడాది నాకు బాగా తెలిసొచ్చింది.

నాన్న వాళ్లు 1977లో పదో తరగతి. దివిసీమలో ఆ సంవత్సరం చెబితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చింది. హంసలదీవి, పాలకాయతిప్ప, నాగాయలంక పక్క సొర్లగొంది, ఇలా సముద్రం అంచున ఉన్న ఊళ్లు కొట్టుకుపోయాయి. పోయినవాళ్లు సర్కారు లెక్కలోనే దాదాపు పది వేల మంది. బడి మళ్లీ తెరిచాక మాస్టారు హాజరు పిలుస్తుంటే కొన్ని పేర్లకి పలికేవాళ్లు లేరట. నాన్న ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎత్తలేదు.

మిగిలినవాళ్లు మరుసటి ఏడాది పరీక్షలు రాశారు. అక్కడ దారి రెండుగా చీలింది. పాసై, ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవాళ్లు అవనిగడ్డ, బందరు కాలేజీలకి వెళ్లారు. తప్పినవాళ్లు, ఇంటికి పెద్దదిక్కు పోయినవాళ్లు చేలోకి దిగారు. సముద్రం నీళ్లు నిలిచిన చేలవి. కాలవ నీళ్లు పెట్టటం, డ్రెయిన్లోకి తీసెయ్యటం, మళ్లీ పెట్టటం. అలా ఉప్పు కడిగి కడిగి వరి పండించారు. నాన్న ఈ రెండో రకం. బాబాయ్ మొదటి రకం.

ఇప్పుడు లెక్క చూడండి. అప్పుడు పదిలో ఉన్నవాళ్లు 1962, 63 ప్రాంతంలో పుట్టినవాళ్లు. మన రాష్ట్రంలో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60 అయింది, 2022 జనవరి నుంచి 62 అయింది. అంటే ఈ బ్యాచ్ సర్కారు ఉద్యోగులు 2024, 25లలో వరసగా ఇంటికొచ్చేశారు. తీరిక దొరికింది, ఫోన్లో గ్రూపు పెట్టుకున్నారు, పండక్కి ఊళ్లో కలిశారు. ఆ రోజు భోజనాలకి బియ్యం, పప్పు మన దగ్గరవే కాబట్టి నేనూ వడ్డనలో ఉన్నాను. వాళ్ల మాటలన్నీ నా చెవిన పడ్డాయి.

ఎవరేం చేస్తున్నారంటే, కొందరు అమెరికాలో మనవల్ని చూసుకోటానికి ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ. కొందరు విజయవాడ ఫ్లాట్లలో పొద్దున వాకింగు, సాయంత్రం గుడి. ఇద్దరు ముగ్గురు ఊళ్లో పాత ఇల్లు బాగు చేయించుకుని నాలుగు కొబ్బరి మొక్కలు పెట్టారు. చేలో ఉన్నవాళ్లు మాత్రం అన్నం తినేసి, గేదెలకి నీళ్లు పెట్టాలని ముందే లేచారు.

వాళ్లలో ఒకాయన నాన్నని అడిగాడు. “ఏరా, నువ్వెప్పుడు రిటైరవుతావ్?” నాన్న నవ్వి, “మినుము పీకేశాక చూద్దాం లేరా” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముందు రోజు సాయంత్రం ట్యాంకు దించి, గట్టు మీద కూర్చుని, మోకాలు పట్టుకుని లేవలేకపోయిన నాన్న గుర్తొచ్చాడు.

ఉద్యోగం చేసినవాళ్ల మీద నాకు ఏడుపేం లేదు. వాళ్లూ కష్టపడ్డారు. 2004 సెప్టెంబరుకి ముందు చేరారు కాబట్టి పాత పెన్షన్ వస్తుంది, రావాలి కూడా. రైతుకి ఏముందో అదీ చూడాలిగా. పీఎం కిసాన్ ఏడాదికి 6,000. వృద్ధాప్య పెన్షన్ నెలకి 4,000 ఉంది గానీ మాగాణి మూడు ఎకరాలు దాటితే రాదు, మాది మూడున్నర. రైతులకి పెన్షన్ అని 2019లో కేంద్రం పెట్టిన పథకంలో చేరాలంటే వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి. నాన్నకి అప్పటికే యాభై ఆరు దాటాయి. అంటే మా ఇంట్లో పెన్షన్ ఏదైనా ఉంటే అది నేలే. నేల బాగుంటే ఖర్చు తగ్గుతుంది, పని తగ్గుతుంది. నేల చెడితే అరవై మూడేళ్లప్పుడూ యూరియా కట్ట మొయ్యాలి.

అసలు విషయం అక్కడే ఉంది. ఒక నిజం ఒప్పుకుంటాను. మా సొంత మూడున్నర ఎకరాల్లో ఆరేళ్లుగా ప్రకృతి వ్యవసాయం. పక్కనే బాబాయ్ నాలుగు ఎకరాల్లో మొన్నటిదాకా యూరియా, డీఏపీ. ఒకే చెయ్యి, ఒకే గట్టు, రెండు రకాల సాగు. వీడియోలు చేసే నేను ఈ సంగతి ఎప్పుడూ కెమెరాలో చూపించలేదు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితని నాకు తెలుసు.

ఎందుకంటే కౌలు నోటి మాట. ప్రతి ఉగాదికీ “ఈ ఏడు కూడా నువ్వే చెయ్యి” అంటే చెయ్యాలి, లేదంటే దిగిపోవాలి. జీవామృతం ఖర్చు పెద్దదేం కాదు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. అసలు ఖర్చు కాలం. మా ఉప్పు నేలలో జీలుగ వేసి కలియదున్ని, నవధాన్యాలు చల్లి, గట్టి నేల గుల్లబారి వానపాము కనపడేసరికి మాకు మూడేళ్లు పట్టింది. మొదటి ఏడు దిగుబడి తగ్గింది కూడా. వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియని చేలో, బస్తాలు కొలవాల్సిన కౌలు నెత్తిన పెట్టుకుని, ఆ మూడేళ్లు ఎవరు పెడతారు?

పండగ రోజు భోజనాల దగ్గర బాబాయ్ మామూలుగానే ఒక మాట అన్నాడు. ఆ నాలుగు ఎకరాలు రొయ్యల చెరువుకి ఎవరో అడుగుతున్నారట. డబ్బు ముందే ఇస్తారట, కౌలుకంటే బాగా ఎక్కువట. నాన్న చేతిలో ముద్ద అలాగే ఆగింది. ఏం అనలేదు. ఇంటికొచ్చాక “నువ్వు అడగొచ్చుగా నాన్నా” అంటే, “వాడి చేను వాడిష్టం. స్నేహాన్ని అడ్డం పెట్టి అడిగితే బాగోదు” అన్నాడు.

చెరువు పడితే మా కౌలు పోవటం ఒక్కటే కాదు. ఉప్పు నీళ్లు ఊటగా మా చేలోకి దిగుతాయి. ఉప్పెన తర్వాత కాలవ నీళ్లతో కడిగిన ఉప్పు, నలభై ఏడేళ్ల తర్వాత పక్క గట్టు నుంచి మళ్లీ వస్తుంది. ఈసారి తెచ్చేది సముద్రం కాదు, బడిలో పక్కన కూర్చున్న మనిషి. అదీ తెలియక.

నాన్న అడగనన్నాడు కాబట్టి నేను విజయవాడ వెళ్లాను. బాబాయ్ కోపగించుకోలేదు. రెండు ప్రశ్నలు అడిగాడు. రెండూ న్యాయమైనవే.

మొదటిది. “కాయితం మీద రాసిస్తే పొలం నాదిగా ఉంటుందా?” ఓనర్లందరి భయం ఇదే. 2019లో మన రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టంలో కార్డు 11 నెలలకే. పంట మీదే హక్కు, భూమి మీద కాదు. ఓనరు సంతకం లేకపోతే కార్డే రాదు. ఈ కార్డు లేకపోవటం వల్ల కౌలురైతు ఏం పోగొట్టుకుంటాడో కూడా చెప్పాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడింది. మా సొంత చేనుకి అడగగలిగాం. బాబాయ్ చేనుకి అడగటానికి నాన్న చేతిలో కాయితమే లేదు. ఆ ఏడు కూడా కౌలు బస్తాలు కొలిచాడు. బాబాయ్‌కి ఆ సంగతి తెలియదు. నాన్న చెప్పలేదు.

రెండోది. “చెరువు డబ్బుకీ మీ కౌలుకీ తేడా ఎవరిస్తారు?” దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. తేడా అంతా ఇస్తానంటే అబద్ధం అవుతుంది. ఏడాదికి సరిపడా బియ్యం, మినప్పప్పు ఇస్తానన్నాను. చెరువు తవ్వాక చేను మళ్లీ చేను కావాలంటే ఎంత కష్టమో చెప్పాను. మీకు పెన్షన్ ఉంది బాబాయ్, మూడేళ్లు ఆగగలిగే ఓపిక ఊళ్లో మీకే ఉందన్నాను.

ఆయన అప్పుడు ఏం చెప్పలేదు. పది రోజుల తర్వాత బస్సెక్కి వచ్చి, చెప్పులు విప్పి చేలో దిగాడు. వీడియోలో ఉన్నది ఆ రోజే. మా చేలో మట్టీ, ఆయన చేలో మట్టీ రెండు చేతుల్లో పట్టుకుని చూస్తున్నది 4వ నిమిషం దగ్గర ఉంటుంది. మూడేళ్లకి కాయితం రాసుకున్నాం, కార్డుకి ఏటా సంతకం పెడతానన్నాడు. ఒక షరతు, ఖర్చులూ దిగుబడీ లెక్క ఆయనే రాస్తాడట. జన్మంతా ఫైళ్లు రాసిన చెయ్యి కదా. నాకు ఇంతకంటే ఏం కావాలి? మూడేళ్ల తర్వాత ఆయన మనసు మారొచ్చు. మారితే మారనీ, అప్పటికి లెక్క ఆయన చేతిరాతలోనే ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రిటైరై ఊరికొచ్చే పెద్దలు అందరూ నాగలి పట్టక్కర్లేదు. చెయ్యాలని సరదా ఉంటే అరెకరంతో మొదలెట్టండి, మా లాంటివాళ్లం నేర్పిస్తాం. కానీ మీ పొలం ఎవరు చేస్తున్నారో, ఆ మనిషికి మూడేళ్లు, వీలైతే ఐదేళ్లు భరోసా ఇవ్వండి. కార్డుకి సంతకం పెట్టండి. చెరువుకిచ్చే ముందు పక్క చేను ఎవరిదో ఒకసారి కనుక్కోండి. ఈ మూడూ బడికి రంగులు వేయించటం కంటే ఊరికి ఎక్కువ పనికొస్తాయి.

చేలో ఉన్న అన్నలకీ ఒక మాట. మొహమాటం వదలండి. అడిగితే స్నేహం పోతుందని మా నాన్న నలభై ఏళ్లు నోరు విప్పలేదు. అడిగాక ఏం పోలేదు. మీ బ్యాచ్‌లో ఎవరి పొలం మీ గట్టు పక్కన ఉందో చూసుకోండి. ఫోన్ చేసి రమ్మనండి. చేలో దింపి మట్టి చేతికివ్వండి, మిగతాది తర్వాత మాట్లాడొచ్చు.

మా తరం పిల్లలకీ చెప్పేది ఉంది. ఈ సార్వా నుంచి మా ఇంట్లో పిచికారీ ట్యాంకు నాదే. నాన్నకి ఆవులు, విత్తనాల కుండలు, నారుమడి దగ్గర పెత్తనం. రిటైర్మెంట్ అనలేదు, ఆ మాటంటే ఒప్పుకోడు. “డ్యూటీ మారింది” అన్నాను. సరేనన్నాడు గానీ, నిన్న పొద్దున నేను లేచేసరికి ట్యాంకు కడిగి నీళ్లు పోసి ఉంది.

మీ ఊళ్లో ఈ వయసువాళ్లు ఏం చేస్తున్నారో, వాళ్ల పొలాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో రాయండి. వచ్చే వీడియోలో బాబాయ్ చేలో జీలుగ చల్లటం చూపిస్తాను. ఉంటానండి.