మనసు వినే చదువు

ఇంటర్ ఫలితాలు వెలువడగానే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే: డాక్టరా, ఇంజనీరా? మనస్తత్వశాస్త్రంలో పి.జి. చేస్తానని ఏ అమ్మాయి అయినా అంటే, 'పిచ్చివాళ్లతో నీకేం పని?' అన్న మాట ముందుగా సొంతవాళ్ల నుంచే వస్తుంది. ఈ చిన్నచూపుకు మన సమాజం పెద్ద మూల్యమే చెల్లిస్తున్నది.

నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. మన బస్తీల్లో దీనికి భాష, బిడియం కూడా తోడవుతున్నాయి. ఉర్దూలో మాత్రమే గోడు వెళ్లబోసుకోగల తల్లి, కొడుకును దుబాసీగా కూర్చోబెట్టుకుని తన కాపురంలోని బాధను ఎలా చెప్పుకుంటుంది?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత వివక్ష లేని వైద్యాన్నీ, రోగికి అర్థమయ్యే భాషలో చికిత్స వివరాలనూ హక్కుగా గుర్తించింది. ఆ హక్కు అమలు కావాలంటే ఆ భాష తెలిసిన నిపుణులు ఉండాలి. ముస్లింలకు ముస్లిం కౌన్సిలరే కావాలని మేము అనడం లేదు. ఈ వృత్తిలో మన బిడ్డలు కూడా తగినంతమంది ఉండాలంటున్నాం.

ఈ దారిలో అడుగుపెట్టేవారు ఒక విషయం గ్రహించాలి. రెండేళ్ల ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ పట్టాతోనే ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పూర్తిచేసి, ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. కొద్ది వారాల సర్టిఫికెట్ కోర్సుల ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. చేరేముందే ఆ సంస్థ గుర్తింపును విచారించుకోవాలి.

ప్రభుత్వాల బాధ్యత ఇంతకంటే పెద్దది. పరిశోధక విద్యార్థులకు ఆసరాగా 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. దానిని పునరుద్ధరించాలి. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు చదివే మైనారిటీ గురుకులాల్లో, ప్రతిచోటా అర్హత గల కౌన్సిలరును శాశ్వత ప్రాతిపదికన నియమించాలి. ఉద్యోగం కనిపిస్తే చదివేవారూ ముందుకు వస్తారు.

మసీదు కమిటీలకు, విద్యా ట్రస్టులకు కూడా మా విన్నపం ఒకటి. దేహానికీ మనసుకూ కలిపి వైద్యం చెప్పిన అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ల క్రితమే మన సంప్రదాయంలో ఉన్నాడు. దువా చేసేవారు డాక్టరు దగ్గరకు వెళ్లడం ఈమాన్‌కు లోటు కాదని ఖుత్బాలో చెప్పండి. మీరు ఇచ్చే విద్యార్థి వేతనాల్లో ఈ ఏడాది ఒక్కటైనా మనస్తత్వశాస్త్రం చదివే బిడ్డకు కేటాయించండి.