సాయం చేశాం కదా, బిల్లు చూపించు!

"జనాల చేతికి డబ్బులిస్తే తాగేస్తారండీ" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆఫీసు క్యాంటీన్లో, క్యాబ్‌లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఎక్కడ చూసినా ఇదే. ఎన్నికలొస్తే ఇంకాస్త ఎక్కువ. ఈమధ్య దీనికో తోక కూడా తగిలించారు. "టెక్నాలజీ ఉంది కదా బాస్, ఆ డబ్బుతో బియ్యం, పుస్తకాలు తప్ప ఇంకేమీ కొనకుండా లాక్ చేసేస్తే పోలా?" అని. నిజానికి ఇది ఉత్త కబురేం కాదు. ఫలానా పనికే వాడాలనే ఈ-రూపీ వోచర్లు 2021 ఆగస్టులోనే వచ్చాయి. డిజిటల్ రూపాయికి ప్రోగ్రామబిలిటీ తెస్తామని 2024 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంటే "ఈ డబ్బు ఇక్కడ చెల్లును, అక్కడ చెల్లదు" అనే కోడ్ రాసేది రేపు మనలో ఎవరో ఒకరే అన్నమాట. అందుకే ఈ గోల.

ముందు నా డౌటు చెప్తాను. ఈ లాక్ ఎవరి డబ్బుకి వేద్దామంటున్నాం?

తెలంగాణలో 2018 వానాకాలం నుంచి రైతుబంధు ఇచ్చారు. మొదట ఎకరానికి పంటకి 4,000, తర్వాత 5,000. విత్తనాలకీ ఎరువులకీ పెట్టుబడి సాయం అని పేరు. ఆ డబ్బుతో విత్తనాలే కొన్నారా అని ఎవరూ అడగలేదు. ఎన్నెకరాలున్నా ఇచ్చారు, పరిమితి లేదు. పాసుబుక్కు ఉంటే చాలు, పొలం దున్నేది ఎవరైనా సరే. మా నాన్నగారి పేరు మీద మూడెకరాలుంది. కౌలుకిచ్చి చాలా ఏళ్ళయింది. పంటకి 15,000 చొప్పున ఆయన ఖాతాలో టంచనుగా పడేవి. ఒకసారి ఆ డబ్బుతో ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించారు. ఎరువు మాత్రం కౌలు చేసే ఆయన తన అప్పుతో కొనుక్కున్నాడు. మా టీంలో ఇలాంటి ఇళ్ళవాళ్ళు ఇంకో నలుగురున్నారు. "ఈ డబ్బుతో ఎరువుల కొట్లో తప్ప ఎక్కడా కొనకుండా లాక్ చేయాలి" అని ఆ నలుగురిలో ఒక్కరి నోటా నేను వినలేదు. మా ఇంట్లోనూ వినలేదనుకోండి.

2021లో దళితబంధు వచ్చింది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టక్కర్లేదు. హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు వచ్చింది కాబట్టి రాజకీయమే అంటారా, అవును, రాజకీయమే. ఆ సంగతి వదిలేయండి. ఆ 10 లక్షలు చేతికివ్వలేదు. యూనిట్ ఎంచుకోవాలి. ట్రాక్టరో, డెయిరీయో, సెంట్రింగ్ సామానో, మెడికల్ షాపో. అధికారులు ఒప్పుకోవాలి, కొటేషన్ తేవాలి, ఆ తర్వాతే డబ్బు కదులుతుంది. పేరు మీద ఖాతా ఉంటుంది, ఖాతాలో డబ్బుంటుంది, తీసుకునే వీలు మాత్రం ఉండదు.

"10 లక్షలంటే పెద్ద మొత్తం కదా, ఆ మాత్రం చూసుకోవద్దా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఓ చిన్న లెక్క వేద్దాం. యాభై ఎకరాల ఆసామికి రైతుబంధు కింద ఏడాదికి 5 లక్షలు, రెండేళ్ళకి 10 లక్షలు. దానికి కొటేషన్ లేదు, యూనిట్ లేదు, ఆఫీసరు లేడు. మొత్తం అదే, ఖజానా అదే. ఒకాయనకి తన డబ్బు ఎలా వాడుకోవాలో తెలుసనుకున్నాం, ఇంకొకాయనకి తెలియదనుకున్నాం. తేడా ఎక్కడుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

షరతు పెట్టాక ఏమవుతుందంటే, ఆ షరతు తీరిందని సంతకం పెట్టేవాడు ఒకడు కావాలి. సంతకం ఉన్నచోట దానికో రేటు ఉంటుంది. దళితబంధులో కొందరు ఎమ్మెల్యేలు వసూళ్ళు చేస్తున్నారని 2023 ఏప్రిల్‌లో సాక్షాత్తూ ముఖ్యమంత్రి కేసీఆరే తన పార్టీ సమావేశంలో హెచ్చరించారు. రైతుబంధులో తప్పులు చాలానే ఉన్నాయి గానీ, నేరుగా ఖాతాలో పడే డబ్బు దగ్గర అలాంటి చెయ్యి అడ్డుపెట్టడం కష్టం.

ఇక తాగుడు సంగతి. డబ్బిస్తే తాగేస్తారా లేదా అన్నది మన అభిప్రాయాలతో తేలేది కాదు, కొలిచి చూడాల్సిన విషయం. కొలిచారు కూడా. ప్రపంచ బ్యాంకులో డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అనే ఇద్దరు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలని ఒకచోట పెట్టి 2014లో లెక్కతీశారు. నగదు సాయం వల్ల మందు, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా దాదాపు ఎక్కడా కనపడలేదు. సగటున చూస్తే కాస్త తగ్గింది కూడా. మన దేశంలో, మధ్యప్రదేశ్ పల్లెల్లో, 2011లో సేవా సంస్థ యూనిసెఫ్ సాయంతో మనిషికింత అని నెలనెలా ఏ షరతూ లేకుండా డబ్బిచ్చి చూసింది. అక్కడా తాగుడు పెరగలేదు. తాగేవాళ్ళు లేరని కాదు నా ఉద్దేశం. తాగేవాడు మీరిచ్చినా తాగుతాడు, ఇవ్వకపోయినా తాగుతాడు, కూలి డబ్బుతో తాగుతాడు. ఇంట్లో ఆడవాళ్ళ ఖాతాలో పడే డబ్బుకి దాంతో ముడిపెట్టడం ఎందుకు?

అన్నట్టు, పేదల తాగుడు గురించి ఇంత బెంగపడే ప్రభుత్వమే 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి దరఖాస్తులు పిలిచింది. ఒక్కో దరఖాస్తుకి 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. దరఖాస్తు ఫీజుల మీదే 2,600 కోట్లు దాటి వచ్చింది. సీసా ఒక్కటి కూడా అమ్మకముందే!

సరే, తాగుడు పక్కన పెడదాం. అసలు లాక్ పనిచేస్తుందా? ఈ ప్రశ్నకి జవాబు మనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి. సొడెక్సో కూపన్లు గుర్తున్నాయా? భోజనానికే వాడాలి, అందుకే పన్ను మినహాయింపు. వాటితో షాంపూలు, బకెట్లు కొన్నవాళ్ళు ఎంతమంది! రూమ్మేట్ సరుకులకి కూపన్లిచ్చి, అతని దగ్గర క్యాష్ తీసుకున్నవాళ్ళు ఎంతమంది! అదేమీ నేరంలా అనిపించలేదు ఎవరికీ. భోజనానికి ఎటూ ఖర్చవుతుంది కాబట్టి కూపన్ అటు పోతే జీతంలో డబ్బు ఇటు మిగులుతుంది. అంతే. డబ్బు నీళ్ళలాంటిది, ఒకచోట గట్టు కడితే పక్కనుంచి పోతుంది.

పేదవాడికి వచ్చేసరికి ఈ మళ్ళింపుకి నష్టం కట్టాల్సి వస్తుంది. రేషన్ బియ్యమే చూడండి. తినలేని దొడ్డు బియ్యాన్ని గుమ్మంలోకొచ్చే వ్యాపారికి వచ్చిన ధరకి అమ్మేసేవాళ్ళు. ప్రభుత్వానికి పడిన ఖర్చులో చిన్న ముక్క ఆ ఇంటికి దక్కేది, మిగతాది మధ్యవాళ్ళకీ మిల్లులకీ పోయేది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. జనం ఏం తింటారో అది ఇవ్వడమనే ఆలోచన రావడానికి ఇన్ని దశాబ్దాలు పట్టింది మనకి.

టెక్నాలజీతో గట్టిగా బిగిద్దాం అని చూసిన దేశాలు కూడా లేకపోలేదు. ఆస్ట్రేలియాలో 2007లో నార్తర్న్ టెరిటరీలోని ఆదివాసీ ఊళ్ళల్లో ప్రభుత్వ సాయంలో సగం విడిగా పెట్టి, చెప్పిన సరుకులకే వాడాలన్నారు. ఇందుకోసం జాతి వివక్ష నిరోధక చట్టాన్ని ఆ పథకం మేరకు పక్కనపెట్టారు కూడా. ఆ ఊళ్ళలో ఆ కాలంలో పుట్టిన పిల్లల బరువు పెరగకపోగా తగ్గిందని తర్వాత పరిశోధకులు తేల్చారు. 2016లో ఇంకో అడుగు ముందుకేసి క్యాష్‌లెస్ డెబిట్ కార్డు తెచ్చారు. సాయంలో 80 శాతం ఆ కార్డులోకే. మద్యం, జూదం దగ్గర గీస్తే చెల్లదు, నగదు తీసుకోవడానికి కుదరదు. వినడానికి ఎంత బాగుందో! సెకండ్‌హ్యాండ్ మంచమో, వారపు సంతలో కూరగాయలో కొనుక్కోవాలంటే మాత్రం మిగిలిన ఆ 20 శాతమే దిక్కు. పేదవాళ్ళు చవగ్గా కొనుక్కునేవన్నీ నగదు బేరాలే కదా. 2018లో వాళ్ళ ఆడిట్ సంస్థే లెక్కలు చూసి, దీనివల్ల సమాజానికి జరిగే హాని తగ్గిందో లేదో చెప్పడం కష్టమంది. 2022లో చట్టం చేసి ఆ కార్డు ఎత్తేశారు.

అమెరికాలో కాన్సస్ వాళ్ళు 2015లో ఇంకో విడ్డూరం చేశారు. సాయం కార్డు మీద ఏటీఎంలో రోజుకి 25 డాలర్లే తీయాలని రూలు. ఏటీఎంలో ఉండేవి 20 డాలర్ల నోట్లు! అంటే రోజుకి ఇరవయ్యే, తీసిన ప్రతిసారీ ఫీజు అదనం. ఈ రిక్వైర్‌మెంట్ రాసినాయన ఎప్పుడైనా ఏటీఎం ముఖం చూశాడా అని నా అనుమానం. కేంద్రం అభ్యంతరం చెప్పాక ఆ ముక్క వెనక్కి తీసుకున్నారు.

అదే అమెరికాలో ఫుడ్ స్టాంపులతో కూల్‌డ్రింకులు, చాక్లెట్లు కొనకుండా 2026 జనవరి 1 నుంచి అయోవాతో సహా కొన్ని రాష్ట్రాల్లో నిషేధం మొదలైంది. ఉద్దేశం మంచిదే, కోలా తాగితే వచ్చే జబ్బులు అందరికీ తెలిసినవే. కానీ "చాక్లెట్" అంటే ఏమిటి? అయోవా తన అమ్మకం పన్ను నిర్వచనాన్నే తెచ్చి ఇక్కడ పెట్టింది. దాని ప్రకారం పిండి కలిసినది క్యాండీ కాదు. అంటే లోపల బిస్కెట్ ఉన్న చాక్లెట్ బార్‌కి అనుమతి, ఉత్త చాక్లెట్‌కి లేదు. వాళ్ళ వ్యవసాయ శాఖే 2007లో ఒక పత్రం రాసుకుంది. మార్కెట్లో 3 లక్షలకి పైగా తిండి వస్తువులున్నాయి, ఏటా 12,000 కొత్తవి వస్తాయి, ఏది మంచిదో ఏది కాదో తేల్చే స్పష్టమైన కొలమానం లేదు అని. మాస్టర్ డేటా మీద పనిచేసినవాళ్ళకి ఆ మూడు లక్షల వరుసల టేబుల్ ఎవరు మెయింటైన్ చేస్తారో తలుచుకుంటేనే నిద్రపట్టదు. కానీ ఆ టేబుల్లో తప్పు దొర్లితే మనకొచ్చేది ఒక టికెట్. బిల్లింగ్ కౌంటర్ దగ్గర, వెనక పదిమంది చూస్తుండగా, వస్తువు తీసి పక్కనపెట్టాల్సింది మాత్రం ఒక తల్లి.

అసలు షరతే వద్దంటావా అంటే, అలా అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో విద్యాదీవెన కింద ఇంజనీరింగ్ ఫీజులు తల్లుల ఖాతాల్లో వేశారు. కొందరు కాలేజీకి కట్టలేదు, కాలేజీలు హైకోర్టుకెక్కాయి. నా మటుకు నాకు అది సాయం డబ్బే కాదు, మూడోవాడికి కట్టాల్సిన బిల్లు. బిల్లు ఎవరికి కట్టాలో వాళ్ళకే నేరుగా కట్టండి, మధ్యలో ఆ తల్లిని పోస్ట్‌మ్యాన్ చేయడమెందుకు? ఇంటి ఖర్చుకని ఇచ్చేది వేరు. అది ఇచ్చాక ఇంట్లో బియ్యం ముందా, మందులు ముందా, చిట్టీ కట్టాలా అనేది ఆ ఇంటికి తెలిసినంతగా ఏ సర్వర్‌కీ తెలీదు.

2025 జనవరి 26న తెలంగాణలో ఇంకో రెండు పథకాలు మొదలుపెట్టారు. భూమి ఉన్నవాళ్ళకి రైతుభరోసా, ఎకరానికి ఏడాదికి 12,000. భూమి లేని కూలీలకి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, కుటుంబం మొత్తానికి ఏడాదికి 12,000. మొదటి దానికి చేను సాగుకి పనికొచ్చేదైతే చాలు, యజమాని అందులో ఒక్క రోజు కూడా దిగక్కర్లేదు. రెండో దానికి అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్నారు. మా పొలం కౌలు చేసే ఆయనకి సొంతంగా అరెకరం ఉంది కాబట్టి రెండోది రాదు. మొదటి దాంట్లో ఆ అరెకరానికి 6,000 వస్తాయి, మా మూడెకరాలకి మాకు 36,000.