గుడ్ల లెక్కలో చేరని సంగతులు

లేయర్ కోళ్ల ఫారాల్లో ప్రతి సాయంత్రం దినచర్య పుస్తకం నింపుతారు. ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎంత దాణా ఖర్చయింది, ఎన్ని కోళ్లు చనిపోయాయి అనే వివరాలు అందులో ఉంటాయి. కోళ్లు ఆ రోజు ఎలా మెలిగాయన్నది మాత్రం ఉండదు. గుడ్లు తగ్గనంత వరకు కోళ్లు క్షేమంగానే ఉన్నట్లు భావించడం రైతులకే కాదు, పరిశోధకులకూ అలవాటైపోయింది. ఈ కొలమానం సరైనది కాదు.

నేటి సంకర తెల్ల లెగ్‌హార్న్ కోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం అవసరం. దాణా నుంచి చాలినంత అందకపోతే కోడి దానిని తన ఎముకల నుంచి తీస్తుంది. కనుక కోడి క్షీణిస్తున్నా గుడ్ల సంఖ్య కొంతకాలం నిలకడగానే కనిపిస్తుంది. పంజరంలో కదలిక లేక ఎముకలు మరింత పెళుసుబారతాయి. వయసు మళ్లిన కోళ్లను అమ్మకానికి పట్టేటప్పుడు రెక్కలు, కాళ్లు విరగడం ఫారం కూలీలకు తెలియనిది కాదు.

ప్రవర్తన ఇంత ఆలస్యం చేయదు. కోడికి స్వేదగ్రంథులు లేవు. గోదావరి జిల్లాల మే నెల ఎండలో నోరు తెరిచి వగర్చడమే అది చల్లబడే ప్రధాన మార్గం. వగర్చేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకు తయారీకి కావలసిన బైకార్బొనేట్ కూడా తగ్గుతుంది. పల్చని పెంకుల గుడ్లు ట్రేలలోకి చేరేది మరునాడో, ఆ తరువాతో. రెక్కలు దూరంగా చాపి వగర్చే కోడి మాత్రం ఆ మధ్యాహ్నమే కనిపిస్తుంది. ఫాగర్లు నడపవలసింది అప్పుడే. గుడ్డు పెట్టే ముందు కోడి గూడు కోసం వెదకడం కూడా సహజ ప్రవృత్తే. కలత చెందిన కోడి గుడ్డును ఆపుకుంటే పెంకుపై అదనపు సున్నపు పూత పడుతుంది.

ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1 నుంచి వట్టి పంజరాలను నిషేధించి, గూడు, దండె ఉన్న పంజరాల్లో కోడికి 750 చదరపు సెంటీమీటర్ల స్థలం తప్పనిసరి చేసింది. మన లా కమిషన్ కూడా 2017లో తన 269వ నివేదికలో కోళ్ల వసతిపై ముసాయిదా నియమాలు సూచించింది. అయితే పంజరం తీసేస్తే అన్నీ చక్కబడతాయనుకోవడం అమాయకత్వం. నేలపై పెంచితే కాక్సీడియోసిస్ పెరగవచ్చు. ఈకలు పీక్కోవడం, గుంపుగా ఒకదానిపై ఒకటి పడి ఊపిరాడక చావడం అక్కడా ఉంటాయి. అప్పు తెచ్చి షెడ్డు వేసిన రైతును రాత్రికి రాత్రే మారమనడమూ న్యాయం కాదు.

కానీ వేసవిలో పంజరానికి ఒక కోడిని తగ్గించవచ్చు. మధ్యాహ్నం రెండు గంటలకు వగర్చే కోళ్లెన్ని, ఈకలు ఊడినవెన్ని అని దినచర్య పుస్తకంలో మరో రెండు గడులు గీయవచ్చు. అందుకు ఖర్చేమీ లేదు. ఈ పని ముందుగా విశ్వవిద్యాలయాల ఫారాల్లోనే మొదలు కావాలి.