డీఏపీ బస్తా వేసేముందు బనాబా దీవి గురించి ఒక్కసారి చదవండి

పోస్టు కొంచెం పొడుగే. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

దుక్కిలో డీఏపీ వేస్తాం, సూపర్ వేస్తాం. ధర గురించి మాట్లాడుకుంటాం, స్టాకు లేదని తిట్టుకుంటాం. అందులో ఉన్న భాస్వరం ఎక్కణ్ణుంచి వస్తుందని మాత్రం ఎవరం అడగం. యూరియాలో నత్రజని గాలిలోంచి తీసి ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. భాస్వరం సంగతి అలా కాదు. అది నేలలోంచి తవ్వుకోవాల్సిందే. తవ్వాలంటే ఎవరిదో ఒకరి నేల పోవాలి. చవగ్గా దొరికిన భాస్వరానికి అసలు ధర ఇంకెవరో కట్టి ఉంటారని నా నమ్మకం. అలా కట్టినవాళ్లలో ఒకరు బనాబా జనం.

పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన ఉంటుంది బనాబా. తెల్లవాళ్లు ఓషన్ ఐలాండ్ అన్నారు. దగ్గరలో ఉన్న దీవి నౌరూ, అదీ 300 కిలోమీటర్ల దూరం. మొత్తం విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 1,500 ఎకరాలు. మన దగ్గర ఒక ఊరి పొలం అంత. అక్కడ ఏరు లేదు, చెరువు లేదు. వాన పడితేనే నీళ్లు. కరువొస్తే భూమి లోపలి గుహల్లో ఊరిన నీళ్లే దిక్కు. వాటిని బంగబంగ అంటారు. ఆ గుహల్లోకి దిగి నీళ్లు తెచ్చే హక్కు ఆడవాళ్లది. 1870ల్లో వచ్చిన పెద్ద కరువులో చాలామంది చనిపోయారు, కొందరు ఓడలెక్కి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మళ్లీ నిలదొక్కుకున్నారు. కొబ్బరి, మొగలి జాతి చెట్లు, చేపలు, వీటితోనే బతుకు. ప్రతి కుటుంబానికీ తన చెక్క, దానికి హద్దులు. మన గట్ల తగాదాలు వాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతాయి.

1899లో సిడ్నీలో ఒక కంపెనీ ఆఫీసులో తలుపు కదలకుండా అడ్డం పెట్టిన రాయి ఒకటుంది. నౌరూ నుంచి తెచ్చింది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానమొచ్చి పరీక్ష చేయిస్తే మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. పక్కనున్న బనాబాలోనూ అదే ఉంటుందని 1900లో అక్కడికి వెళ్లాడు. ఉంది. అదే ఏడాది మే నెలలో ఒప్పందం రాయించుకున్నాడు. షరతులు చూడండి: తవ్వుకునే హక్కు 999 ఏళ్లు, ఏడాదికి 50 పౌండ్లు, అది కూడా సరుకుల రూపంలో ఇవ్వొచ్చు. ఒకాయన్ని దీవికి రాజు అని కాగితంలో రాసి ఆయనతో గుర్తు పెట్టించుకున్నారు. అందరి భూమికీ కలిపి సంతకం చేసే రాజు ఆ దీవిలో ఎవరూ లేరు. ఎవరి చెక్క వాళ్లదే.

తర్వాత 1913లో ఇంకో ఒప్పందం. తవ్విన చోట మళ్లీ కొబ్బరి, ఇతర చెట్లు నాటిస్తామని మాటిచ్చారు. 1920లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు కలిసి కంపెనీని కొనేశాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నేలల్లో భాస్వరం తక్కువ. అక్కడి గోధుమకు, గొర్రెలు మేసే పచ్చికకు చవకైన సూపర్ కావాలి. 1928లో ఇంకా భూమి కావాలంటే బువాకోనికాయ్ ఊరివాళ్లు ఇవ్వం అన్నారు. ప్రభుత్వం చట్టం చేసి బలవంతంగా తీసుకుంది. ఆడవాళ్లు చెట్లను కౌగిలించుకుని అడ్డం పడ్డారు. అయినా చెట్లు కూలాయి.

1942లో జపాన్ సైన్యం దీవిని పట్టుకుంది. జనాన్ని వేరే దీవులకు కూలికి తరలించింది. యుద్ధం అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లను తిరిగి సొంత ఊరికి పంపలేదు. 1945 డిసెంబర్ 15న ఫిజీలోని రాబీ దీవిలో దించింది. ఒకప్పుడు మనవాళ్లు మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన ఫిజీయే అది. బనాబాకు 2,000 కిలోమీటర్ల పైన దూరం. రాబీని కొన్నది కూడా ఫాస్ఫేట్ మీద వాళ్లకు వచ్చిన సొమ్ముతోనే! తుఫాన్ల కాలంలో తీసుకెళ్లి గుడారాల్లో పెట్టారు. జనం అక్కడ ఉండగా ఇక్కడ తవ్వకం 1979 దాకా సాగింది. దీవిలో సుమారు 90 శాతం నేల గీకేశారు. మిగిలింది మనిషిని మించి ఎత్తున్న సున్నపురాయి మొనలు. వాటి మధ్య నాగలి కాదు కదా, పార కూడా దిగదు.

"పరిహారం ముట్టింది కదా" అనేవాళ్లుంటారు. వాళ్లకు నా జవాబు ఇది. బనాబా జనం లండన్ కోర్టుకెక్కారు. జడ్జి స్వయంగా ఆ దీవికి వెళ్లి చూశాడు. 1976లో తీర్పొచ్చింది. రాయల్టీ కేసు ఓడిపోయారు. చెట్లు నాటిస్తామన్న మాట తప్పారని తేలింది గానీ వచ్చిన నష్టపరిహారం నామమాత్రం. ఆ తర్వాత ప్రభుత్వాలు కోటి ఆస్ట్రేలియా డాలర్ల నిధి ఇస్తామన్నాయి, అదీ మీ హక్కు కాదు, మా దయ అన్నట్టు. డబ్బు ఎంతైనా కానీ, ఆ సొమ్ముతో తాత నాటిన చెట్టు, నీళ్ల గుహ, పేరున్న చెక్క కొనగలమా? ఈ రోజు బనాబాలో ఉంటున్నది కొన్ని వందల మంది. రాబీలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఏటా డిసెంబర్ 15ను గుర్తు చేసుకుంటారు.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఒకటుంది. ఆ సూపర్ చల్లి పంట తీసినవాళ్లు దుర్మార్గులు కాదు, మనలాంటి రైతులే. అప్పులు కట్టుకుని పిల్లల్ని చదివించుకున్నవాళ్లే. బస్తా ఎక్కడిదని అడగలేదు, అంతే.

మన బస్తాలో ఉన్నది బనాబా మట్టి కాదు. మన దేశానికి ఫాస్ఫేట్ రాయి ఎక్కువగా మొరాకో, జోర్డాన్ లాంటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. కానీ అదీ ఒక నేలే, ఎప్పటికో అయిపోయేదే. కాబట్టి దాన్ని దండగ చేసే హక్కు మనకు లేదంటాను. పక్కాయన రెండు బస్తాలు వేశాడని మనమూ రెండు వేయడం మానుకోవాలి. వేసిన భాస్వరంలో పంట ఆ ఏడు తీసుకునేది కొంతే, మిగతాది నేలలోనే బిగుసుకుపోతుంది. భూసార పరీక్ష చేయిస్తే ఎంత నిల్వ ఉందో తెలుస్తుంది. భాస్వరం నేలలో పెద్దగా కదలదు, అందుకే దుక్కిలోనే వేయాలి. పైపాటుగా డీఏపీ చల్లడం డబ్బు చల్లడమే. పశువుల ఎరువు, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా కలిపితే బిగుసుకున్నది కొంతైనా పంటకు అందుతుంది.

ఇంకోమాట. మట్టికో, గ్రావెల్‌కో, రాయికో మీ నేల అడుగుతూ ఎవరైనా కాగితం తెస్తే, ఇచ్చే డబ్బు కంటే ముందు రెండు చూడండి: ఎన్నేళ్లు, తవ్వాక ఎలా అప్పజెబుతారు. కౌలుకిచ్చిన భూమి తిరిగొస్తుంది. తవ్వనిచ్చిన భూమి రాదు.

మీ ఊళ్లో భూసార పరీక్ష చేయించి డీఏపీ తగ్గించినవాళ్లుంటే, పంట ఎలా వచ్చిందో కింద రాయండి. నలుగురికీ పనికొస్తుంది.