యాభై రూపాయల కేబుల్ మనకు చవక కాదు

 

ఈసారి పోస్టు చార్జర్ల మీద. నవ్వకండి. పోడు పట్టాల గురించో, ఉద్యోగాల నోటిఫికేషన్ గురించో రాస్తరనుకుంటే ఇదేంది అని కొందరికి అనిపిస్తది. కానీ మనలో చాలామందికి ఫోనే లైబ్రరీ, ఫోనే ట్యూషన్. ఈపాస్ స్కాలర్‌షిప్ రెన్యువల్ చేసేది దానితోనే, ఓటీపీ వచ్చేదీ దానికే. ఇంట్ల ఎవరూ కాలేజీ మెట్లెక్కని మనకు ఏ ఫారం ఎట్ల నింపాల్నో చెప్పేది కూడా ఇసొంటి గ్రూపులే. ఆఖరి తేదీ నాడు ఆ ఫోన్ సచ్చి పడుంటే ఏడాది ఫీజు మీదికి వస్తది.

మరి అంత పనిచేసే ఫోన్‌కు మనం కొనేదేంది? రోడ్డు పక్క బండి మీద దొరికే యాభై రూపాయల కేబుల్. రెండు నెలలకు మెడ దగ్గర విరుగుతది. టేపు చుడతం, ఇంకో పదిహేను రోజులు గుంజుతం, మళ్లీ యాభై పెడతం. ఏడాదికి ఐదారు కొంటే మూడొందలు. దీనికి మన పిల్లలకు తెలివి లేదని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం. చేతిల ఒక్కసారి మూడొందలు ఉండయి, యాభై ఉంటయి, గంతే. అందుకే మా మాట ఏందంటే, ఇది ఒక్కరు కొనే సరుకు కాదు, రూం మొత్తం కలిసి కొనే సరుకు. నలుగురు తలా ఇంత వేస్తే ఒక మంచి చార్జర్, రెండు మంచి కేబుళ్లు వస్తయి. గూడెంల ఏ పనైనా కలిసి చేసుకునేటోళ్లం, ఇదెంత!

చవక కేబుల్‌ల లోపల రాగి తీగ వెంట్రుక లెక్క సన్నగ ఉంటది. సన్న తీగ కరెంటును అడ్డుకుంటది. తీగ అడ్డు అర ఓమ్ ఉండి, 2 ఆంపియర్లు పోతుంటే, దారిలోనే 1 వోల్టు పోతది. చార్జర్ 5 వోల్టులు ఇస్తే ఫోన్ కాడికి 4 చేరుతది. ఫోన్ అది చూసి తీసుకునే కరెంటు తగ్గించుకుంటది. రాత్రంతా పెట్టినా నిండలేదని ఫోన్‌నో, బ్యాటరీనో తిడతం గని, దొంగ నడుమ ఉన్న కేబులే. కొనేటప్పుడు కనీసం 3 ఆంపియర్లు అని రాసి ఉన్నది చూడండి. మెడ దగ్గర గట్టి రబ్బరు ఉండాలె. రెండు మీటర్లది అక్కర్లేకుంటే ఒక మీటరుది తీసుకోండి, పొడుగు పెరిగిన కొద్దీ అడ్డు పెరుగుతది.

ఇగ చార్జర్. దాని మీద చీమ తలకాయలంత అక్షరాలు ఉంటయి, వాటిని చదవాలె. అవుట్‌పుట్ అన్న కాడ వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 5 వోల్టులు, 1 ఆంపియర్ అంటే 5 వాట్లే. మన 5000 ఎంఏహెచ్ బ్యాటరీల దాదాపు 19 వాట్ అవర్లు పడతయి. అంటే ఆ చార్జర్‌తో నాలుగు గంటలు దాటుతది. పన్నెండు మందికి రెండు ప్లగ్గులున్న రూంల నాలుగు గంటలంటే పంచాయితీ పెట్టుకున్నట్టే.

పెద్ద వాట్ల చార్జర్ పెడితే ఫోన్ పేలుతదని మన దగ్గర గట్టి నమ్మకం. అది నిజం కాదు. ఎంత కావాల్నో ఫోనే అడిగి తీసుకుంటది, మంచి చార్జర్ అంతే ఇస్తది. 65 వాట్లది చిన్న ఫోన్‌కు పెట్టినా ఏం కాదు. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ లాంటివి తమ సొంత పద్ధతిల వేగంగ ఎక్కిస్తయి. వేరే చార్జర్ పెడితే నెమ్మదిగ ఎక్కొచ్చు, అంతే. నిజంగ భయపడాల్సింది 230 వోల్టుల కరెంటుకూ మన చేతికీ నడుమ సరైన అడ్డు లేని నకిలీ డబ్బాకు. దాన్ని పట్టాలంటే చార్జర్ మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌ల ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో వస్తది. డబ్బా మీద ఒక పేరు, యాప్‌ల ఇంకో పేరు ఉంటే దుకాణంలనే వాపసు ఇచ్చెయ్యండి. బిల్లు అడగడానికి సిగ్గుపడొద్దు. బిల్లు ఉంటేనే 1915కు ఫోన్ చేస్తే మాటకు బలం.

ఇప్పుడు కొనేది టైప్ సి రకమే కొనండి. మన బీఐఎస్ 2023లో దానికి ప్రమాణం తెచ్చింది. యూరప్ దేశాలు 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ అదే ఉండాలన్నయి. ఐఫోన్ కూడా 2023ల దారికొచ్చింది. రేపు ఫోన్ మారినా రూం చార్జర్ పనికొస్తది.

అసలు కడుపుమంట వేరే ఉంది. ప్లగ్గులు పెంచమంటే మా హాస్టల్ల వచ్చే జవాబు, "మీ చార్జర్లతోనే వైరింగ్ కాలుతంది" అని. లెక్క చూద్దాం. 20 వాట్ల చార్జర్లు పది పెడితే 200 వాట్లు, ఒక్క ఆంపియర్ కూడా కాదు. నీళ్లు కాగబెట్టే 1500 వాట్ల రాడ్ ఒక్కటే ఆరున్నర ఆంపియర్లు గుంజుతది. చిన్న ప్లగ్గు మోసేది 6. కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రాడ్ పెట్టొద్దన్న మాట మేం ఒప్పుకుంటం, అది మన ప్రాణాల కోసమే. కానీ చార్జర్ల పేరు చెప్పి ప్లగ్గులు ఆపుడు న్యాయం కాదు. మన మంచిర్యాల జిల్లా జైపూర్ల సింగరేణి ప్లాంటు 1200 మెగావాట్లది. ఆ పక్కనే ఉండి ఫోన్ చార్జింగ్‌కు లైన్ల నిలబడుతున్నం!

ఈ లెక్కలన్నీ పెట్టి మా వార్డెన్ సార్‌కు దరఖాస్తు రాస్తున్నం. ఉట్నూర్, జైనూర్, ఆసిఫాబాద్ హాస్టళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ రూంల ఎంత మంది, ఎన్ని ప్లగ్గులు అన్నది కింద రాయండి. ఆదివారం దాకా వచ్చినయన్నీ దానికి జతచేస్తం. పేర్లు వద్దు, హాస్టల్ ఊరు, రెండు అంకెలు చాలు.